తాళం తీసినా ఆగని కారు

"గ్లాసులో కాఫీ ఇచ్చినందుకు కాదు నేను మాట్లాడేది," అంది గంగాబాయి మూడోసారి. "ఇచ్చిన గ్లాసు తెచ్చి నా గ్లాసుల్లో కలిపినావే, దానికి."

"కలపలేదత్తా. బూడిదతో తోమి ఎండలో బోర్లించినాను. ఇంకా ఏం చేయమంటారు, కొలిమిలో పెట్టి కాల్చమంటారా?" పద్మాబాయి పొయ్యి ముందు నుంచి లేవకుండానే జవాబిచ్చింది.

"మడి అంటే నీకు నవ్వులాట అయిపోయింది."

"నేనెక్కడ నవ్వినాను? పొద్దున ఆరింటి నుంచి ఆ పిల్ల వరండాలో కూర్చుంది. రాత్రి నుంచి మెతుకు ముట్టలేదు. కాఫీ ఇయ్యకుండా నేను తాగితే నాకు దిగుతుందా?"

"గ్లాసు కొట్లాట తర్వాత పెట్టుకోండి వదినా," అన్నాడు వాదిరాజ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "అసలు ఆ కేసు మనింటికి ఎందుకు రావాలి? అది అడగండి అన్నను."

అన్న గురురాజ పడక్కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా జిల్లా అంతా తిరిగిన మనిషి. రెండేళ్ళ కిందట గుండెనొప్పి వచ్చి ఉద్యోగం వదిలాక, ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ప్రమాదాల విచారణ చేస్తున్నాడు. కంపెనీల కంటే ముందు మనుషులు వస్తారు, ఇలా వరండాలోకి.

వరండాలో ఉన్నది నసీబ్‌బీ. ఆమె భర్త అబ్దుల్ రహీమ్, పత్తి దళారి ఉచ్చీరప్ప కారు డ్రైవరు. నిన్న మధ్యాహ్నం ఆ కారు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద సైకిల్లో వస్తున్న మగ్గం పనివాడు పుల్లన్నను గుద్దింది. పుల్లన్న అక్కడే చనిపోయాడు. డ్రైవరు పారిపోయాడు. సాయంత్రం ఆరింటికి పోలీసులు వచ్చి రహీమ్‌ను ఇంటి నుంచి తీసుకుపోయారు.

"మూడు వారాల కిందట లైసెన్సు తెచ్చుకున్నాడు," అన్నాడు వాదిరాజ. "కారు చూస్తే పెట్రోలు ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ వేసింది. ఆర్.సి. పుస్తకంలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు. ఊరంతా రాత్రి నుంచి అదే మాట. అట్లాంటి బండిని కొత్త లైసెన్సువాడు ముట్టుకోవడమే నేరం. చట్టం ఒప్పుకోదు."

"ఏ చట్టంలో ఉందిరా ఆ మాట?"

"ఎక్కడో ఉంటుంది."

"ఇరవై రెండేళ్ళు ఆ పుస్తకం నా చంకలో ఉంది. నాకు కనబడలేదు. పత్తికి గ్రేడు వేసే మీ ఆఫీసులో కనుక్కున్నావా?"

వాదిరాజ భార్య రమాబాయి తల వంచుకుని నవ్వు ఆపుకుంది. వాదిరాజ సైకిలు తీసుకుని చరచరా వెళ్ళిపోయాడు.

గురురాజ వరండాలోకి వచ్చాడు. వెనకే పద్మాబాయి కూడా వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆడవాళ్ళను ప్రశ్నలడగడం తన భర్తకు చేతకాదని ఆమె అభిప్రాయం.

"నిన్న రహీమ్ ఎన్నింటికి అన్నం తిన్నాడమ్మా?" అని ఆమే మొదలుపెట్టింది.

"ఒకటిన్నరకమ్మా. కారు సావుకారి షెడ్డులో పెట్టేసి వచ్చినాడు. మాకు నిన్న కొళాయి వచ్చే రోజు. రెండింటికి నీళ్ళొచ్చినాయి. మూడు దాకా బిందెలు మోస్తానే ఉన్నాడు."

"చూసినవాళ్ళు?"

"వీధి వీధంతా సూసింది. ఎస్సై ఏమన్నాడంటే, మీ వీధంతా మీ సుట్టాలే గదా, ఇంగేం సెప్తారు అన్నాడు."

"తాళంచెవి మీ ఇంట్లో దొరికిందంట?" అన్నాడు గురురాజ.

"అది ఎప్పుడూ మా ఇంట్లో మేకుకే ఉంటుంది సామీ. ఇంకోటి సావుకారి దగ్గరుంటుంది."

"రహీమ్ కారు నడపడం ఎప్పుడు నేర్చుకున్నాడు?"

"శివరాత్రికి ఉస్మాన్ సాబ్ షెడ్డులో ఇంజన్ మార్చినారు. ఈయన ఆడ హెల్పరు. మార్చినాంకనే సక్రం ముట్టుకున్నాడు."

"అంతకుముందు?"

"సైకిలు సామీ. ఇంగేం లేదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ పొద్దు సాయంత్రం అయిదులోపల మేజిస్ట్రేటు ముందర నిలబెడతారంట. ఆమీట జైలంట. లైసెన్సు గూడా గుంజుకుంటారంట. అది పోతే ఆయన మళ్ళా గిర్నీలో దూది మోయాల. దగ్గు వస్తాదని డాక్టరు వద్దన్నాడు సామీ."

*

గురురాజ బస్సు దిగేసరికి పది దాటింది. ఎమ్మిగనూరుకు నాలుగు మైళ్ళ ఇవతల చిన్న కల్వర్టు. రోడ్డు పనికి కంకర కుప్పలు పోసి ఉన్నాయి. రామమ్మ అనే కూలీ మనిషి గోనెపట్టా నీడలో కూర్చుని రాళ్ళు కొడుతోంది.

"నిన్న కారు గుద్దింది నువ్వు చూసినావా?"

"గుద్దినప్పుడు సూడలేదు. సప్పుడు ఇని తల ఎత్తినా. మేస్త్రీ రెండున్నరకు బువ్వ కాడి నుంచి లేపినాడు. పది రాళ్ళు గూడా కొట్టలేదు."

"అంటే రెండూ నలభై. కారులో ఎవరున్నారు?"

"ఒక మొగమనిషి. మొగం కనపళ్ళేదు, ఈపు నా దిక్కుండె, సెయ్యి కనపడె. తెల్ల సొక్కా."

"వెంటనే పారిపోయినాడా?"

"యాడ వెంటనే సామీ? బండి ఆపాలని సూస్తాండె. తాళం తిప్పె, పీకె. మళ్ళా పెట్టె, తిప్పె, పీకె. బండి గుడగుడా అంటానే ఉండె. దయ్యం పట్టినట్ల. ముందర ఒక గుద్దు గుద్దినాడు సేత్తో. ఆమీట దిగి, పుల్లన్న మీదికి వంగి సూసి, సేన్లో పడి ఆదోని దిక్కు పోయినాడు."

"నువ్వు దగ్గరకు పోలేదా?"

"పోయినా. పుల్లన్నకు అప్పటికే పానం లేదు. కారులో ఎవురూ లేరు, తాళం లేదు, బండి మాత్రం ఊగుతాండె. నాకు భయమాయె."

"ఎప్పుడు ఆగింది?"

"బస్సొచ్చినాంక. డ్రైవరన్న దిగి, కారులో తల దూర్చి, అడుగున ఏందో పట్టి లాగినాడు. టక్కున ఆగిపాయె."

బస్సు ఆ చోటికి వచ్చింది మూడూ అయిదుకని గురురాజ ఆదోని బస్టాండులోనే కనుక్కున్నాడు. అంటే పాతిక నిమిషాలు ఇంజన్ మనిషి లేకుండా తిరిగింది.

అతను కల్వర్టు గోడ దగ్గర వంగాడు. కొత్తగా సున్నం కొట్టిన గోడ. మోకాలి ఎత్తున అరచేయంత మేర నల్లగా మసి పట్టి ఉంది. వేలితో తుడిస్తే జిడ్డుగా అంటింది. కారు వెనక గొట్టం ఈ గోడకు ఎదురుగా ఉండి ఉండాలి. ఒక్క నిమిషం పొగకు ఇంత మసి పట్టదు. రామమ్మ చెప్పింది గోడ కూడా చెబుతోంది.

"ఇదంతా ఎస్సైకి చెప్పినావా?"

"ఆయన అడిగింది ఒకటే. కారు గుద్దిందా లేదా అని. గుద్దింది అంటిని. ఏలిముద్ర ఏయించుకున్నాడు."

*

ఎమ్మిగనూరు స్టేషన్ సబ్ ఇన్‌స్పెక్టర్ శేషప్పకు గురురాజ అంటే పడదు. నాలుగేళ్ళ కిందట ఒక లారీ కేసులో శేషప్ప రాసిన పంచనామా తప్పని గురురాజ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. జడ్జి నవ్వాడు. ఆ నవ్వు శేషప్ప ఇంకా మరిచిపోలేదు.

"రండి స్వామీ. బ్రేకులు చూడ్డానికి వచ్చినారా? బ్రేకులు బాగానే ఉన్నాయి. కాలే పెట్టలేదు మీవాడు."

"ఒకసారి మాట్లాడనీయండి."

లాకప్పులో రహీమ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. చెంప వాచింది.

"రహీమ్, కారు ఎట్లా ఆపుతావు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "బ్రేకు తొక్కి..."

"ఇంజన్."

"స్టాపర్ లాగుతా సామీ." కుడిచేయి దానంతటదే నడుం దగ్గరికి పోయి, లేని పిడిని పట్టి వెనక్కి లాగింది.

"తాళం తిప్పితే ఆగదా?"

"తాళంతో యాడ ఆగుతుంది? అది డీజిల్ గదా. తాళం లైట్లకూ స్టార్టుకూ. పిడి లాగితేనే డీజిల్ బందయ్యేది. ఉస్మాన్ సాబ్ నాకు మొదటి దినం నేర్పించిందే అది."

గురురాజ శేషప్ప వైపు తిరిగాడు. "విన్నారా? పారిపోయినవాడు తాళం రెండుసార్లు తిప్పి పీకినాడని కంకర కొట్టే రామమ్మ చెప్పింది. వానికి స్టాపర్ సంగతి తెలీదు. పెట్రోలు కారుకు అలవాటు పడిన చేయి అది. ఇతను పుట్టి బుద్ధెరిగి పెట్రోలు కారు నడపలేదు."

"భయంలో మరిచిపోయినాడు."

"భయంలో మనిషి కొత్త పాఠం మరిచిపోయి పాత అలవాటుకు పోతాడు. వీనికి పాతది ఏముంది పోవడానికి?"

శేషప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. అది పక్కన పెట్టండి. ఇంజన్ నంబరు కలవలేదు. లైసెన్సు మూడు వారాల పసిది. ఇంజన్ మార్చిన బండి కొత్త లైసెన్సువాడు రోడ్డు మీదికి తేవచ్చునా? మీరే చెప్పండి, ఆ పుస్తకం మీకే కదా తెలిసేది."

"తేవచ్చు. లైసెన్సు ఇచ్చేది బండి రకానికి. ఇది చిన్న బండి, ఇంజన్ మారినా చిన్న బండే. ఎల్ బోర్డు తీసినరోజు నుంచి మూడు వారాలైనా ముప్పై ఏళ్ళైనా లైసెన్సు లైసెన్సే. జీతానికి నడపొచ్చని ముద్ర కూడా ఉంది, చూసుకోండి."

"మరి నంబరు?"

"ఇంజన్ మార్చినప్పుడు ఆఫీసుకు తెలిపి, ఆర్.సి.లో రాయించుకోవాల్సింది ఓనరు. రాయించలేదు. ఆ తప్పు ఓనరుది. మీరు ఓనరుకు బెంచీ వేసి సోడా తెప్పించి, డ్రైవరుకు చెంప వాయించినారు."

బెంచీ మీద సోడా తాగుతున్న ఉచ్చీరప్ప సీసా కింద పెట్టాడు. శేషప్ప మొహం గట్టిపడింది.

"పెట్రోలుకు అలవాటు పడిన చేయి అన్నారు కదా. ఎవరిదంటారు?"

"తొమ్మిదేళ్ళు ఈ కారు పెట్రోలు మీదే నడిపిన మనిషిది." గురురాజ బెంచీ వైపు చూశాడు. "ఉచ్చీరప్పా, బయటికి వస్తావా?"

కారు స్టేషన్ ఆవరణలోనే ఉంది. ముందు మడ్‌గార్డు నొక్కుకుపోయింది, అంతే. శేషప్ప స్వాధీనం చేసుకున్న తాళంచెవితో కానిస్టేబుల్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. కారు గుడగుడమంటూ ఊగింది.

"ఆపు ఉచ్చీరప్పా," అన్నాడు గురురాజ.

ఉచ్చీరప్ప పంచె ఎగగట్టి, కిటికీలోంచి చేయి పెట్టాడు. చూడకుండానే స్టాపర్ పట్టి లాగాడు. ఇంజన్ టక్కున ఆగింది.

"శివరాత్రి నుంచి దినామూ నేనూ తోల్తాండా సామీ," అన్నాడు. "నా బండి నాకు తెలీదా?"

శేషప్ప బిగ్గరగా నవ్వాడు. నాలుగేళ్ళ బాకీ తీరినట్టు నవ్వాడు. "ఇంకెవరి చేయి చూస్తారు స్వామీ? ఎమ్మిగనూరంతా వరసగా నిలబెట్టమంటారా?"

గురురాజ కదల్లేదు. "రెండో తాళంచెవి ఏది?"

"ఇంట్లో ఉంది," అన్నాడు ఉచ్చీరప్ప.

"ఎక్కడ?"

"ఇనప్పెట్టెలో."

"ఆదోనికి ఫోన్ చేయించి తెప్పించు. గంటలో వస్తుంది. అది కనబడితే నేను ఈ ఎస్సై గారికి దండం పెట్టి ఇంటికి పోతాను."

ఉచ్చీరప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకున్న చోటే మళ్ళీ తుడుచుకున్నాడు. శేషప్ప అది చూడలేదు. రిమాండు కాగితాలు రాయించాలని లోపలికి పోయాడు.

"సామీ, ఇట్ల రండి." ఉచ్చీరప్ప గొంతు తగ్గింది. "ఆ తాళం నా కాడ లేదు."

"ఎవరి దగ్గరుంది?"

"నా నోటితో సెప్పించొద్దు."

"చెప్పకపోతే లోపలికి పోయి రెండో తాళం లేదని రాయిస్తాను. అప్పుడు నిన్నే అడుగుతారు."

ఉచ్చీరప్ప కారు వైపు చూశాడు. "డెబ్బై నాలుగులో మీరు నెలకోసారి ఆదోనికి క్యాంపు వస్తాంటిరి. ఊర్లో కార్లు ఎన్నుండె? లైసెన్సు పరీక్షకు అందరికీ నా కారే. ఎంతమందిని ఈ సీట్లో కూర్చోబెట్టి పరీక్ష పెట్టినారో మీకే తెలుసు. ఒకాయనకు మాత్రం పరీక్ష పెట్టలేదు. ఈ కారులోనే నేర్చుకున్నాడు ఆయన, నేనే నేర్పించినా. కాగితం మాత్రం మీరు ఇంట్లోనే సంతకం చేసి ఇచ్చినారు."

గురురాజకు ముందు ఏమీ గుర్తు రాలేదు. తర్వాత అంతా ఒకేసారి గుర్తొచ్చింది. రోజూ తన పక్కన కూర్చుని అన్నం తినేవాడికి పరీక్ష ఏమిటని తనే అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

"వాదిరాజ," అన్నాడు.

"నా పత్తికి గ్రేడు ఏసే మనిషి సామీ. కారు అడిగితే ఇయ్యనంటానా? డ్రైవరు వద్దు, నేనే పోయొస్తా, ఎవురికీ సెప్పొద్దు అన్నాడు. ఆయన ఈ బండి ముట్టి మూడేండ్లాయె. ఇంజన్ మార్చిన సంగతి సెప్పేది మరిసినా. అదే నా తప్పు."

"అదొక్కటేనా?" గురురాజ లాకప్పు వైపు చూపించాడు.

ఉచ్చీరప్ప తల దించలేదు. "రహీమ్‌కు నేను వకీలును పెడతా. ఇల్లు సూసుకుంటా. కొత్త లైసెన్సు, ఇంజన్ మార్చిన కారు, అంటే జనం నమ్ముతారు, కోర్టు నమ్ముతాది. మీరు దీన్ని తవ్వితే ముందర బయటికొచ్చేది మీ తమ్ముడు. ఆయన ఎనకాలే మీ సంతకం వస్తాది. నేను బెదిరించడం లేదు సామీ. ఉన్న సంగతి సెప్తాండా."

నాలుగింటికి జీపు వచ్చింది. రహీమ్‌ను ఎక్కించారు. ఎక్కుతూ వెనక్కి తిరిగాడు.

"సామీ, స్టాపర్ సంగతి ఎస్సైకి ఎక్కిందా?"

"చెప్పినాను."

"మరి?"

గురురాజ నోరు తెరిస్తే ఒక్క పేరు చాలు, జీపు ఆగేది. అతను తెరవలేదు. జీపు గేటు దాటి పోయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు అతను అక్కడే, ఆగిపోయిన కారు పక్కన నిలబడి ఉన్నాడు.

*

ఆ ఇంట్లో మగవాళ్ళు విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి అన్నం ముట్టుకున్నాక, మజ్జిగ దాకా మాట్లాడరు. ఆ నియమం తండ్రి నాటిది. ఆ పూట గురురాజకు అది మేలే చేసింది.

అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చున్నారు. రమాబాయి వడ్డిస్తోంది. గంగాబాయి గోడకు ఆనుకుని జపమాల తిప్పుతోంది. పద్మాబాయి భర్త మొహం చూసి, అన్నం రెండోసారి వడ్డించవద్దని తోడికోడలికి కళ్ళతోనే చెప్పింది.

మజ్జిగ వచ్చింది. గురురాజ తాగలేదు.

"వాదీ, డీజిల్ కారు ఎట్లా ఆపుతారో నీకు తెలుసా?"

వాదిరాజ చేయి విస్తరిలోనే ఉండిపోయింది. మెతుకులు వేళ్ళ మధ్య నుంచి మెల్లగా జారాయి. "నాకెవరూ చెప్పలేదన్నా," అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది. "ఎంత తిప్పినా ఆగలేదు. అతన్ని ఎత్తి అదే కారులో ఆస్పత్రికి తీసుకుపోదామనే అనుకున్నాను. ఆ చప్పుడు... ఆ చప్పుడుకు నాకు మతి పోయింది."

"ఏం కారు? ఏం ఆస్పత్రి?" అంది రమాబాయి. గిన్నె ఆమె చేతిలోనే ఉంది. "అక్కా, ఏమంటున్నాడు ఈయన?"

పద్మాబాయి వచ్చి ఆ గిన్నె అందుకుని కింద పెట్టింది. ఆమె చేయి వదల్లేదు.

"గురూ," అంది గంగాబాయి. జపమాల ఆగింది. "ఏదైనా ఉంటే మన నాలుగు గోడల మధ్యనే ఉండనీ. ఆ సాయిబు పిల్లకు ఏం కావాలో నేనే ఇస్తాను. వరండాలో కాదు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఇస్తాను."

గురురాజ లేచాడు. గొంతు పెంచలేదు. అందరికీ వినబడేటట్టు మాత్రం చెప్పాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకు నేనూ వాదిరాజా ఎమ్మిగనూరు పోతున్నాం. స్టేషన్‌కు. వాడు చేసింది వాడు చెప్తాడు. పరీక్ష పెట్టకుండా నేను చేసిన సంతకం నేను చెప్తాను."

"వాడు రానంటే?" అంది తల్లి.

"నేనొక్కణ్ణే పోతాను. చెప్పేది మాత్రం ఇద్దరిదీ చెప్తాను."